ఆత్రేయపురం ఆవిడ చెంప

నేను రాజమండ్రిలో ఒక స్కిన్ క్లినిక్‌లో నర్సుగా ఉన్నప్పుడు, చెంప మీద పుట్టుకతో వచ్చిన ఎర్రమచ్చకు లేజర్ చేయించుకోవడానికి ఆత్రేయపురం నుంచి ఒకావిడ వచ్చేది. ఏం చెప్పినా కొంగు సర్దుకుని "అలాగేనండి" అనేది. వారం రోజులు చెంప కమిలిపోయి ఉంటుందన్నా అదే మాట, ఎండలో తిరగొద్దన్నా అదే మాట.

మూడోసారి వచ్చేసరికి ఎరుపు తగ్గింది గాని, ఆ చోటంతా నల్లగా మంగు కట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"ఎండలో తిరగొద్దని ఎన్నిసార్లు చెప్పానండీ?"

"గుమ్మం దాటలేదండి," అంటూ ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టింది. లోపల పంచదార పూతరేకులు.

"ఎక్కడ కొన్నారు?"

"నేనే చేశానండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుండ ముందే కదండీ నా పని."

మండే పొయ్యి మీద బోర్లించిన కుండ మీదికి రోజంతా వంగి రేకులు తీసే ముఖానికి మేము ఎండ గురించి జాగ్రత్తలు చెప్పాం. ఆ సెగా ఎండలాంటిదే. సంతకాలు మూడుచోట్ల పెట్టించుకున్నాం గాని, ఏం పని చేస్తారని డాక్టరుగారూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, "మంగు తగ్గేదాకా పొయ్యి జోలికి వెళ్ళకండి," అని ఆవిడనే కసిరాను.

ఆవిడ కొంగు సర్దుకుంది.

"అలాగేనండి. ఈసారి బెల్లంవి తెస్తాను."