ఆఖరి గుంత దగ్గర అరుపు

మా మేనమామ గుణశేఖరన్‌కు గోల్ఫే బతుకుదెరువు. మా అవ్వ మాదమ్మ బెంగళూరులో కట్టడం పనికి పోయే రోజుల్లో, పక్క మైదానంలో ఆటగాళ్ల సంచులు మోస్తూ నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్లు పోటీలాడాడు.

అవ్వ ఆ ఆట చూసింది ఒక్కసారే. ఆఖరి గుంత దగ్గర మామ వంగగానే, ఆ ఆట మర్యాద ప్రకారం జనం ఊపిరి బిగబట్టారు. అవ్వకు ఒళ్లు మండింది. బండ లేపేటప్పుడు నలుగురూ గొంతు కలపాలని తెలిసిన మనిషి. ఇంతమందిలో ఒక్కరూ నోరు మెదపరేం?

"నేనుండాను నాయినా! కొట్టు!" అని అరిచింది.

బంతి పక్కకు పోయింది. కప్పూ పోయింది. అందరూ గుర్రుగా చూస్తే అవ్వే ఎదురు తిరిగింది. "ఎవురూ అరవకుంటే వానికి బలం ఎట్లొస్తాది?"

మామ మాత్రం నవ్వాడు.

అవ్వ ఇప్పుడు లేదు. మామ ఆట మానేసి మా ఊరు నల్లంపల్లికి వచ్చేశాడు. నిన్న సాయంత్రం, రాగి కోసిన చేలో చిన్న గుంత తవ్వి, బంతి ముందు వంగాడు. ఎంతకీ కొట్టడు.

నేను ఉండబట్టలేక, "కొట్టు మామా" అన్నాను.

తల ఎత్తలేదు.

"అట్ల కాదు మేనకా. మీ అవ్వ మాదిరి గట్టిగా అను."