ఎడమ చేతికి సాక్సు

మా అత్తమ్మకు మర్యాదల పట్టింపు ఎక్కువ. పెద్దపల్లిలో మా ఇంటికి ఎవరొచ్చినా నీళ్ల గ్లాసు కుడిచేత్తోనే అందించాలి. నెలలు నిండకుండా పుట్టి, కరీంనగర్ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో చాలా రోజులుండి ఇంటికొచ్చిన నా బిడ్డకు కూడా ఆమె ఆ నియమం సడలించలేదు.

"గిదేం అలవాటే? గిలక్కాయ సూపిస్తే ఎడమ చెయ్యే సాపుతది. జర నేర్పియ్యి," అనేది నాతో.

"గంత చిన్న పొల్లకు కుడెడమలు ఏం తెలుస్తయి అత్తమ్మా?" అని నవ్వేదాన్ని. దుబాయిలో ఉన్న మా ఆయన ఫోన్‌లో చూసి, "ఎడమచేతి వాటం, మంచిగ క్రికెట్ ఆడుతది," అని మురిసిపోయాడు. పాప కుడి గుప్పిట మాత్రం బొటనవేలిని లోపల దాచుకుని ఎప్పుడూ మూసే ఉండేది. పైసా జారనివ్వదని చుట్టాలు మెచ్చుకున్నారు.

టీకాలకు వెళ్లినప్పుడు అత్తమ్మ నా పెంపకం మీద డాక్టరుకు ఫిర్యాదు చేసింది. ఆయన నవ్వలేదు. పాప చేతులు రెండూ పట్టి చూసి, కరీంనగర్‌లో పసిపిల్లలకు చేతుల థెరపీ చేసే మేడమ్ దగ్గరికి వెంటనే వెళ్లమన్నాడు.

"గీ వయసుల పిల్లలు రెండు చేతులూ ఒక్కతీరుగ వాడాలె. ఒక్కటే వాడుతున్నరంటే రెండోదాన్ని చూడాలె," అంది ఆ మేడమ్. "సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుల లోపంతోని చెయ్యి కాలు సరిగ ఆడకపోవుడు, అయితదని ఇప్పుడే చెప్పలేం. గని ఆగి చూసుడు వద్దు."

రోజూ కాసేపు ఎడమ చేతికి మెత్తటి సాక్సు తొడగాలి. బొమ్మను కుడివైపు పెట్టి, ఆ చెయ్యి తనంతట తానే కదిలేలా ఆడించాలి. బలవంతం చేయకూడదు. నాకు ఆ మాటలేవీ సరిగా చెవికెక్కలేదు. సెరిబ్రల్ పాల్సీ దగ్గరే ఆగిపోయాను. అత్తమ్మ ముఖం మాత్రం వెలిగిపోయింది. తను ఇన్నాళ్లూ మొత్తుకున్నదే ఇంత చదువుకున్న మేడమూ చెప్పిందని ఆమెకు అర్థమైంది.

"సూసినవా?" అంది నాతో.

ఇంటికొచ్చాక కాసేపే తొడగమన్న సాక్సును రోజంతా ఉంచాలని ఆమె పట్టు. తీసేది నేను, తొడిగేది ఆమె. "ఎడమ చెయ్యి కూడ ఆడాలె గద," అంటే, "దానికేం ఫికర్, అది మస్తు ఆడింది," అనేది. ఆ సాక్సు చూసి, పాప చెయ్యి కాలిందా అని పక్కింటావిడ అడిగేది. అయినా రోజూ పాప ముందు చాప మీద కూర్చుని, ఓపిగ్గా గిలక్కాయ ఆడిస్తూ, "పట్టు బిడ్డా, పట్టు," అన్నది ఆమే. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చేదాన్ని. చాలా రోజులు ఏమీ జరగలేదు.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ ముందుకు వంగినప్పుడు ఆ కుడి గుప్పిట మెల్లగా విచ్చుకుంది. ఆమె కళ్లద్దాలు పట్టి లాగింది. ఒక కాడ ఊడిపోయింది.

"ఇరగ్గొట్టింది! నా బంగారం ఇరగ్గొట్టింది!" అని అత్తమ్మ వాడంతా వినిపించేలా అరిచింది. ఆదివారం ఆ ఒంటికాడ అద్దాలతోనే చర్చికి వచ్చి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించింది.

పాపకిప్పుడు మూడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ అనే తేల్చారు. కుడి చెయ్యి ఎడమదంత చురుగ్గా లేదు. గుండీ పెట్టుకునేటప్పుడు అది బట్టను గట్టిగా పట్టుకుంటుంది, మిగతా పని ఎడమది చేస్తుంది.

మొన్న థెరపీకి వెళ్తే, చెన్నూరు నుంచి పసిబిడ్డతో వచ్చిన ఒక తల్లి బెంచీ మీద బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది. అత్తమ్మ ఆమె పక్కకు జరిగింది.

"పరేషాన్ కాకు బిడ్డా. మా పొల్ల చెయ్యి సంగతి డాక్టర్ల కన్న ముందు నేనే కనిపెట్టిన," అంది.

అందులో అబద్ధమేమీ లేదు మరి.