సమితి మెచ్చని నాట్ల పాట

హిందీ రాష్ట్రపు అడవుల మధ్య కిరండూల్ ఇనుప గనుల టౌన్‌షిప్‌లో తెలుగు సమితి హాలు ఊడవడం సోమక్క పని. ఆమెది కిష్టారం దగ్గరి పల్లె. మొగుడు ఎర్రయ్య లోడింగు కూలీగా వస్తే వెంట వచ్చింది. అతను జ్వరంతో పోయాక చీపురు పట్టింది. పదకొండేళ్లయింది.

ఆ హాల్లో తెలుగు ఏడాదికి ఒక్క రోజే బతికేది, ఉగాదినాడు. మామిడాకులు విశాఖ రైల్లో దిగేవి. చుట్టూ ఇన్ని మామిడిచెట్లుండగా ఆకులకు రైలు ప్రయాణమెందుకో సోమక్కకు ఎన్నడూ అర్థం కాలేదు. ఆఫీసర్లు పట్టుపంచెలు కట్టి, జారిపోతాయని పైన బెల్టు బిగించుకుని వచ్చేవాళ్లు. కార్యదర్శి భీమశంకరం గంటసేపు తెలుగు గొప్పతనం చెప్పి, మైకు వదలగానే కొడుకుతో "చలో బేటా, ఘర్ చలో" అనేవాడు.

ఎనభై నాలుగు ఉగాదికి జానపద గీతాల పోటీ పెట్టారు. భీమశంకరం భార్య జ్ఞానప్రసూన, మరో అయిదుగురు ఆఫీసర్ల భార్యలు పట్టుచీరల్లో, ప్లాస్టిక్ నారు పట్టుకుని, క్యాసెట్టు పాటకు నాట్లు వేస్తూ ముందుకు నడిచారు. ఇంతలో టేపు చిక్కుకుని పాట ఆగింది. గుమ్మం దగ్గర సోమక్క పకపకా నవ్వింది.

"ఏమిటా నవ్వు?" అన్నాడు భీమశంకరం.

"నాటేసేటోళ్లు ఎనక్కి నడుస్తరు సారూ. ముందుకు నడిస్తె ఏసిన నారు తొక్కరా?"

"అంత తెలిస్తే నువ్వే పాడు!"

సోమక్క చీపురు పక్కన పెట్టి, స్టేజీ ఎక్కి, నడుం వంచి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ పాడింది. కిటికీల దగ్గర నిలబడ్డ కూలి ఆడవాళ్లు వంత కలిపారు. హాలంతా చప్పట్లు. భీమశంకరం మైకు లాక్కున్నాడు.

"బాగానే ఉంది గానీ ఇందులో ఆ అడవి జాతి వాళ్ల దోర్లీ మాటలున్నాయి. పోటీకి పనికిరాదు. మన సంస్కృతి స్వచ్ఛంగా ఉండాలి."

"దోర్లోళ్లు, మేము ఒక్క బురదలనే నాట్లేసినం. పాటల వాళ్ల మాట లేకుంటె ఎట్ల? మీ పిలగాడు ఇందాక తెలుగు పద్యం హిందీ అక్షరాలు సూసి సదివిండు. గది స్వచ్ఛమా?"

మొదటి బహుమతి ఆగిపోయిన క్యాసెట్టుకే ఇచ్చారు. సోమక్క హాలు తాళాలు బల్ల మీద పడేసి వచ్చేసింది.

తర్వాత ఆమె రాళ్లెత్తే పనికి కుదిరింది. ఆదివారాలు కూలీల బస్తీలో, రేకుల కింద, ఆడవాళ్లను పోగేసి పాడించేది. ఒక ఆదివారం జ్ఞానప్రసూన నోటుబుక్కుతో వచ్చి నిలబడింది.

"ఆ బుక్కు పక్కన పెట్టమ్మా. ముందు నడుం వంచు," అంది సోమక్క కటువుగా.

"మా అమ్మమ్మ ఇలాంటివే పాడేది. నామోషీ అనుకుని నేర్చుకోలేదు."

సోమక్క జరిగి తన పక్కన చోటిచ్చింది. ఆదివారం తర్వాత ఆదివారం జ్ఞానప్రసూన వస్తూనే ఉంది.

మరుసటి ఉగాదికి సమితి ఒక సంచిక వేసింది. అందులో నిరుడు స్టేజీ మీద తీసిన సోమక్క ఫొటో. కింది అక్షరాలు జ్ఞానప్రసూన సిగ్గుపడుతూ చదివింది: "అడవిలో మేం కనుగొన్న జానపద రత్నం."

"అడివిల్నా? వాళ్ల చెప్పుల దుమ్ము పదకొండేండ్లు ఊడిస్తి గదా, అప్పుడు కండ్లు యాడ బెట్టుకున్నరు?"

సోమక్క నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ పేజీ చింపి పొయ్యి ముట్టించి, అందరికీ చాయ్ పెట్టింది.