పక్కవాళ్ల ఫోన్‌లో బాబాయ్

మా బాబాయ్‌కి ఉన్న జబ్బు ఒక్కటే: పక్కవాళ్ల ఫోన్లలోకి తొంగిచూడటం. సినిమా కోసం కాదు, మెసేజీల కోసం అసలే కాదు. ఎవరి ఫోన్‌లోనైనా వీడియో ఆగి, తెర మధ్య చక్రం గిర్రున తిరుగుతుంటే ఆయనకి కాలు కదలదు. తొంగిచూసి తొంగిచూసి మెడ జానెడు సాగిందని, అందుకే చొక్కాలు సరిపోవట్లేదని మా పిన్ని గట్టి నమ్మకం.

ఒకసారి సెలూన్‌లో సగం గడ్డం గీయించుకుని పక్క కుర్చీలో ఆయన ఫోన్ వైపు ఒరిగిపోయాడు. గీసేవాడు ఆయన తల గట్టిగా పట్టుకున్నాడు.

"సార్, చేతిలో కత్తుంది. చెవి ఉంచాలా, తీసేయాలా?"

"ఒక్క నిమిషమయ్యా, ఆయన వీడియో ఇంకా రాలేదు!"

"రాకపోతే ఆయనే గోల చేస్తాడు. మీకేంటి?"

"చెయ్యడు. అదే నా బాధ."

సినిమా హాలు క్యూలో ఒకావిడ గొడుగెత్తింది. "ఏమయ్యా, నీకు అక్కచెల్లెళ్లు లేరా?"

"ఉన్నారమ్మా. వాళ్ల ఫోన్లు చూడటం అయిపోయింది."

గొడుగు విరిగింది. కొత్తది పిన్ని కొనిచ్చింది.

బాబాయ్ పనిచేసేది పాఠాల వీడియోల యాప్ తయారుచేసే చిన్న కంపెనీలో. కాలేజీ మధ్యలో వదిలేసి ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకున్న నన్ను లాక్కెళ్లి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సిగ్నల్ సన్నబడినా వీడియో ఆగకుండా చూడటం మా పని. బాబాయ్ పద్ధతి తేలికే: ముందు మసక బొమ్మతో మొదలుపెట్టెయ్, సిగ్నల్ దొరికేకొద్దీ స్పష్టం చెయ్, దొరికినప్పుడే తర్వాతి ముక్కలు కూడా తెచ్చి దాచుకో. మేనేజర్‌కి మాత్రం ఆ మసక చూస్తే ఒళ్లు మంట.

"మసక బొమ్మ చూపిస్తే జనం నవ్వుతారయ్యా."

"ఆగిన బొమ్మ చూపిస్తే లేచిపోతారు సార్."

"నా గదిలో ఎప్పుడూ ఆగలేదే?"

"వైఫై పెట్టె మీ నెత్తి మీదే ఉంది. అక్కడ ఇస్త్రీపెట్టె కూడా వీడియో ఆడిస్తుంది," అన్నాను. బాబాయ్ బల్ల కింద నా కాలు తొక్కాడు.

మేనేజర్ ముఖం ఎర్రబడింది. "రేపు బస్సులో తేల్చేద్దాం. మీ పద్ధతి నాకు నచ్చకపోతే పాతదే ఉంటుంది. మీరిద్దరూ వేరే ఉద్యోగం వెతుక్కోండి."

మర్నాడు మేనేజర్ రెండు ఫోన్లతో మాతోపాటు బస్సెక్కాడు. ఒకదాన్లో పాత యాప్, రెండోదాన్లో మేం మార్చింది. వంతెన కిందికి రాగానే పాతదాన్లో చక్రం మొదలైంది. మాది మసకబారింది గానీ పాఠం ఆగలేదు.

"మురికి నీళ్లలోంచి చూస్తున్నట్టుంది. వద్దు," అన్నాడు మేనేజర్.

సాయానికి బాబాయ్ వైపు చూశాను. ఆయన అక్కడుంటేగా! ముందు సీటు వెనక మెడ సాచి నిలబడ్డాడు. ఆ సీట్లో ఒక పెద్దావిడ పగిలిన ఫోన్‌లో నర్సింగ్ పాఠం చూస్తోంది. మా కంపెనీ యాపే, పాతది. చక్రం తిరుగుతోంది.

ఆవిడ కాసేపు చూసి ఫోన్ సంచిలో పడేసింది. "ఈ వయసులో నాకు పరీక్షలేంటి! నా బుర్రా అంతే, నా ఫోనూ అంతే."

"అమ్మా, తప్పు మీ బుర్రది కాదు," అన్నాడు బాబాయ్. "మాది. ఆ యాప్ చేసింది మేమే. ఏమనుకోకండి."

బొమ్మ ఆగితే తమనే తిట్టుకుని ఊరుకునేవాళ్లను ఇన్నాళ్లూ ఈ మనిషి తిట్లు తింటూ వెతుకుతున్నాడని అప్పుడు తెలిసింది నాకు. నన్నూ అలాగే పట్టుకున్నాడు కాబోలు.

మేనేజర్ గొంతు సవరించుకుని, మా కొత్త యాప్ ఉన్న ఫోన్ ఆవిడ చేతికిచ్చాడు. "ఇందులో చూడండమ్మా."

"మసగ్గా ఉంది బాబూ," అంది. "అయినా సూది ఎక్కడ గుచ్చాలో తెలుస్తోంది. ఆగట్లేదు, అదే చాలు."

బస్సు వంతెన దాటింది. బొమ్మ మెల్లగా తేటపడింది. మేనేజర్ నా చెవిలో, "ఇదే అందరికీ పంపించెయ్," అన్నాడు. అని, తనూ బాబాయ్ పక్కన చేరి మెడ సాచాడు. నేనూ సాచాను.

మేం దిగాల్సిన స్టాపు ఎప్పుడో పోయింది. ఆవిడ విసుగ్గా వెనక్కి తిరిగింది.

"ఏం బాబూ, మీ ముగ్గురికీ ఫోన్లు లేవా?"