తిరిగొచ్చే తొమ్మిది

కొత్తకోట రోడ్డు మీద 108 బండి కనబడితే ఇప్పటికీ ఆ అంకెలు కూడుకుంటాను.

మేకలు కాస్తూ బాపు నేర్పిన ఆట అది. "తొమ్మిదిని దేనితోనన్న గుణించు బిడ్డా. ఒక్క అంకె మిగిలేదాక కూడుకుంట పో, మల్ల తొమ్మిదే. గది ఏడికి పోయినా ఇంటికొస్తది."

చెలకలో బాపును పాము కరిచిన రోజు ఆ బండే వచ్చింది. ఒకటి, సున్నా, ఎనిమిది కూడి, నేను అమ్మ కొంగు పట్టుకుని లాగాను.

"ఏడువకే అమ్మా, తొమ్మిదొచ్చింది. బాపు ఇంటికొస్తడు."

బడి మొహం చూడని అమ్మ, నా మాట నమ్మి కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు బాపును ట్రాలీ ఆటోలో తెచ్చారు. ముఖం మీద తువ్వాల కప్పి ఉంది.

లెక్క తప్పలేదు. ఇంటికొస్తదనే అన్నాడు బాపు, ఎట్లా వస్తదో చెప్పలేదు.