నెలకోసారి సంతకం

అనంతపద్మనాభానికి ఫార్మసీ డిప్లొమా ఉంది, కొట్టు లేదు. సత్తెనపల్లి బుల్లయ్యకి మందుల కొట్టు ఉంది, డిప్లొమా లేదు. చదువుకున్న ఫార్మసిస్టు దగ్గరుండి మందివ్వాలంటుంది చట్టం. అంటే అంది, ఎవడిక్కావాలి! ఈయన సర్టిఫికెట్టు ఆ కొట్టు గోడకి వేలాడేది. ఈయన మాత్రం చీరాలలో ట్యూషన్లు చెప్పుకుంటూ, నెలకోసారి బస్సెక్కి వెళ్లి, నెల మొత్తానికీ రిజిస్టరులో ముందే సంతకాలు గీకి వచ్చేవాడు. అందరూ చేసేదేగా అనుకుంటూ పదకొండేళ్లు లాగించాడు మహానుభావుడు.

ఎనభై ఆరు వేసవిలో ఆదెమ్మ అనే ఆవిడ గొంతు నొప్పంటూ కొట్టుకొచ్చింది. మొగుడు బాపయ్య మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకెళ్లాడు. బుల్లయ్య పేరైనా చెప్పకుండా పెన్సిలిన్ బిళ్ల చేతిలో పెట్టాడు. అక్కడే వేసుకుంది. ఇంటిదారిలో ఊపిరాడక పడిపోయింది, ఆసుపత్రికి చేరకముందే పోయింది.

డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి బుల్లయ్య ఎవరిచేతో డాక్టరు రాసినట్టు దొంగ చీటీ రాయించి పెట్టాడు. అనంతపద్మనాభాన్ని పిలిపించాడు.

"ఆ రోజు మీరు కొట్లో ఉన్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఉన్నానండి."

"పెన్సిలిన్ పడుతుందా అని అడిగారా?"

"అడిగానండి. ఇదివరకు వాడానంది."

చచ్చిపోయిన మనిషి లేచొచ్చి కాదంటుందా! కేసు మూసేశారు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది అనంతపద్మనాభానికి. అప్పట్నుంచి అన్నం సహించలేదు.

రెండు నెలలకి బాపయ్య వెతుక్కుంటూ చీరాల వచ్చాడు. తన్నడానికే వచ్చాడనుకున్నాడు ఈయన. బాపయ్య గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"పంతులుగారూ, ఒక్క మాట. ఆ మందు దానికి పడదండి. చిన్నప్పుడు సూది వేస్తే చావు తప్పింది. ఏ ఆసుపత్రికెళ్లినా ముందు ఆ మాటే చెప్పేది. మరి మీరడిగితే వాడానని ఎందుకందండి? ఆ పొద్దున కూర దగ్గర గొడవై, చస్తే పీడా పోద్దన్నాను. అందుకేనంటారా?"

తలుపు చాటు నుంచి అనంతపద్మనాభం భార్య రాజరాజేశ్వరి వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది. చెబితే సర్టిఫికెట్టు పోతుంది, జైలు కూడా తప్పదు.

"ఆవిడనెవరూ అడగలేదు బాపయ్యా. అది ఏ మందో కూడా ఆవిడకి తెలీదు. నేనసలు ఆ రోజు కొట్లోనే లేను. నా తల కాపాడుకోడానికి అబద్ధమాడాను. పద, పోలీసుల దగ్గర కూడా ఇదే చెబుతాను."

బాపయ్య తిట్టలేదు, చెయ్యెత్తలేదు. తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు.

"అయితే నా మీద అలిగి పోలేదన్నమాట."