మా రేవుకొచ్చిన సినిమా కుక్క

పాసయ్యానండీ. డిగ్రీ పాసయ్యాను. నన్ను ఇన్నేళ్ళు ఏడిపించిన ఇంగ్లీషు పేపరు కూడా గట్టెక్కింది. మా ఇంటావంటా డిగ్రీ చదివినవాళ్ళు లేరు. మొదటిది నాకే వచ్చింది, అదీ అరవై దాటాక. సాయంత్రం మనవరాలు ఫోన్లో రిజల్టు చూసి చెప్పింది. గంతులేయాలనే ఉంది గానీ మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. పొద్దుట్నుంచీ కడియం నర్సరీలో మొక్కల కవర్లకి మట్టి నింపి వచ్చిన ఒళ్ళు. అరుగు మీద గోడకి చేరగిలబడి కూర్చుంటే, అమ్మా నాన్నా కంటే ముందు ఒక కుక్క గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మా కాలువ రేవుకి సినిమా షూటింగ్ వచ్చింది. ఊరంతా ఎదురుచూసింది హీరో కోసం కాదు, కుక్క కోసం. టెంటు హాల్లో దాన్ని చూడనివాళ్ళు లేరు. మంటల్లోంచి పసిపిల్లని లాక్కొచ్చేది. యజమాని చనిపోతే మంచం కింద పడుకుని కన్నీళ్ళు పెట్టుకునేది. ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటూ ఇళ్ళకి వెళ్ళేవారు. వాల్‌పోస్టరు మీద హీరోయిన్ పక్కనే దాని బొమ్మ వేసేవారు.

తీరా వ్యాను తలుపు తీస్తే, మూతి నెరిసిన ముసలి కుక్క ఒకటి నెమ్మదిగా దిగి, మా మట్టి వాసన చూసి, వ్యాను నీడలో పడుకుంది. "ఏంటండీ, హీరోగారు మా పెరట్లో కుక్క కంటే నీరసంగా ఉన్నారు" అన్నాడు పక్కింటి మావయ్య. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను అయిదో తరగతి తప్పానని ముందురోజే తెలిసింది. ఇక బడి చాలు, అమ్మతో నర్సరీకి వెళ్ళమని నాన్న చెప్పేశారు.

ఆ రోజు కుక్క చెయ్యాల్సిన పని, నావ మీంచి కాలువలోకి దూకి, పసిపిల్లలా కట్టిన గుడ్డల మూటని నోట కరుచుకుని రేవు మెట్ల దాకా ఈదుకు రావడం. దూకేది. సగం దూరం వచ్చేసరికి మూట జారిపోయేది. మళ్ళీ నావెక్కించేవారు, మళ్ళీ జారిపోయేది. పొద్దు వాలింది. డైరెక్టరు గారు విసుక్కున్నారు. రెండు తగిలిస్తే అదే చేస్తుందని ఎవరో కర్ర కూడా తెచ్చారు.

దాన్ని ఆడించే పెద్దాయన ఒకాయన ఉండేవారు. ఊళ్ళో అందరం కుక్క మాస్టారనేవాళ్ళం. ఆయన ఆ కర్ర పుచ్చుకుని పక్కన పెట్టి, కుక్కని మెట్ల మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. నీళ్ళు కారుతూ అది వణుకుతోంది. ఆయన అరచెయ్యి చాపారు. అది కాలెత్తి అందులో పెట్టింది. శభాష్ అని బన్ను ముక్క పెట్టి, ఒళ్ళు తుడిచి, ఇవాళ్టికి అయిపోయిందండీ అని డైరెక్టరు గారికి చెప్పేశారు.

దానికి తాగడానికి చెంబుతో నీళ్ళు తెచ్చింది నేనే. మూట తేలేదు కదా, శభాష్ ఎందుకని అడిగాను. ఆయన కుక్క చెవులు తుడుస్తూనే చెప్పారు.

"ఓడిపోయి పడుకుంటే పొద్దున్న నీళ్ళ దగ్గరికే రాదమ్మా. చేతనైన పని చిన్నదైనా ఒకటి చేసి పడుకోవాలి."

తర్వాత నా మొహం చూసి, నీకేం వచ్చని అడిగారు. పదమూడో ఎక్కం వచ్చన్నాను. చెప్పమన్నారు. ఏడుపు గొంతుతోనే చెప్పాను. కుక్కకి పెట్టగా మిగిలిన బన్ను నా చేతిలో పెట్టి, శభాష్ అన్నారు.

మర్నాడు పొద్దున్న కుక్క మూట వదలకుండా ఈదుకొచ్చింది. రేవంతా చప్పట్లు. నేను మాత్రం ఆ చప్పట్లు వింటూ అమ్మ వెనకాల నర్సరీకి నడిచాను. బడి తిరిగి దొరకలేదు. కానీ ఆ రాత్రి నుంచి ఎంత ఒళ్ళు నొప్పులున్నా, పడుకునే ముందు వచ్చిన ఎక్కమో, పద్యమో ఒకటి అనుకునేదాన్ని. పిల్లల పెళ్ళిళ్ళయ్యాక, బడి చదువు లేనివాళ్ళకి పెట్టే అర్హత పరీక్ష రాసి దూరవిద్యలో చేరి, ఇంగ్లీషు తప్పిన ప్రతిసారీ, పుస్తకం మూసే ముందు వచ్చిన పాఠం ఒక్కటి పైకి చదివేదాన్ని. పొద్దున్న మళ్ళీ పుస్తకం తెరిచే ధైర్యం అక్కడే దొరికేది.

ఇంకా ఫోన్లు చెయ్యాలి. పరీక్షలకి సెలవిచ్చిన నర్సరీ అమ్మగారికి. ఇంగ్లీషు చెప్పిన వెనకవీధి టీచరమ్మకి. ఈ వయసులో చదువేంటే అని నవ్విన యానాం అన్నయ్యకి. వాడు ఎత్తినా ఏమంటాడో తెలీదు. సామర్లకోటలో మా చెల్లికి. కుక్క మాస్టారికి చేద్దామంటే నంబరు కాదు గదా, పేరు కూడా తెలీదు.

అందరికీ చేసే ఓపిక ఇవాళ లేదు. చెల్లికొక్కదానికే చేసి పడుకుంటాను. అది ఎప్పుడు చేసినా ఎత్తుతుంది.